ఒకే వైపు చూసిన స్క్రూలు

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు తిరగేసే టీచరమ్మ. ఏ వస్తువు తెచ్చి ముందు పెట్టినా పైపై మెరుపు చూడదు, చటుక్కున బోర్లా తిప్పి అడుగు చూస్తుంది. బడిలో చెక్కతో, ఇనుముతో, ప్లాస్టిక్‌తో వస్తువులు చేయడం నేర్పడం ఆవిడ ఉద్యోగం. అసహ్యించుకోవడం జీతం లేని రెండో ఉద్యోగం.

ఏడాది చివర ప్రాజెక్టులంటే ఆవిడకి మరీ రోత. రంపం తిన్నగా పట్టుకోవడం రాని వెధవ అద్దంలాంటి పెట్టె తెచ్చి, "నేనే చేశాను మేడమ్" అంటాడు, కళ్లార్పకుండా. ఛీ, పాలబుగ్గల మీద ఇంత నున్నటి అబద్ధమా అని మూతి తిప్పుకుని సున్నా చుడుతుంది.

ఈసారి ఆవిడ కూతురూ ఆవిడ తరగతిలోనే ఉంది. పై చదువుకి డిజైన్ సీటు కావాలని ఆ పిల్ల పట్టుబట్టి కూర్చుంది. సీటు వచ్చేదీ పోయేదీ ఈ ప్రాజెక్టు మార్కులతోనే. తనూ ఓ స్టూలు తెచ్చింది. చెక్క పీట, ఇనుప కాళ్లు, వాటికి ప్లాస్టిక్ తొడుగులు.

టీచరమ్మ బోర్లా తిప్పింది. స్క్రూల తలల మీది గీతలన్నీ బుద్ధిగా ఒకే వైపు చూస్తున్నాయి. ఆ పిచ్చి ఆవిడ ఎరిగిన ఒక్క మనిషికే ఉంది. ఫర్నిచర్ షాపులో పనిచేసే తన మొగుడికి. ఇంట్లో అలమారా నుంచి స్విచ్ బోర్డు దాకా అలాగే బిగిస్తాడు.

"ఎవరు చేశారు?"

"నేనే మేడమ్," అంది కూతురు. బడిలో అమ్మా అనకూడదని వాళ్ల ఒప్పందం.

కళ్లార్పలేదు. ఆవిడకి ఒళ్లంతా కంపరమెత్తింది. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల ఇళ్లలో ఉందనుకున్న కుళ్లు తన ఇంట్లోనే ఉంది.

సాయంత్రం మొగుణ్ణి నిలదీసింది.

"అది చేసిన స్టూలు కుంటుతోంది," అన్నాడతను తల వంచుకుని. "నువ్వు ఛీ అంటావని ఒకటే ఏడుపు. చూడలేక చేసిచ్చాను."

"ఆ స్టూలెక్కడుంది?"

కూతురు దాన్ని తన మంచం కిందనుంచి లాగింది. పీట పగిలింది, కాళ్లు వంకర, తొడుగులు కరిగి ముద్దయ్యాయి. టీచరమ్మ తిరగేసింది. గీతలు తలో దిక్కు చూస్తున్నాయి.

"ఛీ, ఎంత దరిద్రంగా ఉందే," అంది. "రేపు ఇదే తీసుకురా."

"సీటు పోతుందమ్మా."

"పోనీ."

మర్నాడు ఆ కుంటి స్టూలుకి బొటాబొటీ పాసు మార్కులు వేసింది. అంతకంటే ఎక్కువ వేయడానికి చెయ్యి రాలేదు. సీటు పోయింది.

అప్పటి నుంచీ కూతురు ఇంట్లో కూడా ఆవిడని మేడమ్ అనే పిలుస్తోంది.