పడమటి గాలికి కారం దంచిన రోజు

నా చిన్నప్పుడు, జగ్గయ్యపేట దగ్గర మా ఊరికి పడమటి వైపు కంకర క్రషర్ పెట్టారు. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. పైనుంచి పోసిన బండలు ఇనుప దవడల మధ్య నలిగేవి. కింద ఊగే జల్లెడలు పెద్ద కంకరనీ చిన్న కంకరనీ వేరు చేసేవి. జల్లెడ దాటని రాయి మళ్ళీ దవడల్లోకే పోయేది. అమ్ముడుపోయేదంతా లారీలెక్కి నందిగామ వైపు వెళ్ళేది. ఎవరికీ అక్కర్లేని పొడి మా ఇళ్ళ మీదికి వచ్చేది.

ఆ పొడికి మా తమ్ముడికి దగ్గు పట్టుకుంది. నడక కూడా సరిగా రాని పిల్లవాడు, దగ్గి దగ్గి తాగిన పాలు కక్కేసేవాడు. దుమ్ము ఎగరకుండా జల్లెడల చుట్టూ టార్పాలిన్ పట్టాలు కట్టించమని, నీళ్ళు చల్లించమని అడగడానికి మా నాయనమ్మ క్రషర్ యజమాని దగ్గరికి వెళ్ళింది. ఆయన నాకు వరసకు పెదనాన్న. ఫ్యాను కింద నుంచి లేవకుండానే, "దుమ్మేగా పిన్నీ, కడుక్కుంటే పోద్ది" అన్నాడట. ఆయన గది క్రషర్‌కి పడమట ఉంది. వేసవంతా గాలి పడమటి నుంచే వీస్తుంది. కట్టించుకునేటప్పుడే అన్నీ చూసుకున్నాడు మహానుభావుడు!

నాయనమ్మ వాదించలేదు. మా చేను ఆయన గదికి ఇంకా పడమట ఉంది. ఏటా పెరట్లో దంచే ఏడాది కారం ఆ ఏడు చేలో దంచుదామని రోలు బండెక్కించింది. తమ్ముణ్ణి పక్కింటి అక్కకు అప్పగించి మా అమ్మ కూడా రోకలి పట్టింది. నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని ఎండుమిరపకాయలు అందించాను. దంచిన కారాన్ని నాయనమ్మ చెయ్యి బాగా పైకెత్తి మరీ జల్లించింది. సగం గాలికి పోతున్నా లెక్కచెయ్యలేదు.

కాసేపటికి ఆయన తుమ్ముకుంటూ, కళ్ళు నలుపుకుంటూ గట్టు మీదికొచ్చాడు.

"ఏంటిది పిన్నీ, చంపేస్తావా?"

"దుమ్మేగా అబ్బాయ్, కడుక్కుంటే పోద్ది. నా చేలో నేను దంచుకుంటున్నా. నువ్వు పట్టాలు కట్టేదాకా దంచుతా."

ఆమె గొంతు పెంచలేదు. రోకలి ఆపలేదు. క్రషర్ కూలీలు మొహాలు తిప్పుకుని నవ్వారు. సాయంత్రానికి జల్లెడల చుట్టూ పట్టాలు లేచాయి, నీళ్ళ గొట్టమూ వచ్చింది.

అప్పటికే ఆలస్యమైంది. తమ్ముడి దగ్గు ఛాతీలో ఉండిపోయింది. ఈ వయసులోనూ ఫోన్‌లో వాడి మాట కంటే ముందు అదే వినిపిస్తుంది. అందుకే ఆ పెదనాన్నను నేను క్షమించలేదు, క్షమించను. ఎదుటివాడి బాధను ఎవరైనా "అదెంతలే" అని తేల్చేస్తే, ఆ మనిషి గాలికి ఎటు పక్కన కూర్చుని మాట్లాడుతున్నాడో ముందు చూస్తాను.