మన అండాలు

హనుమకొండలో నాకు వైద్యం చేసిన సంతాన సాఫల్య డాక్టరుకు ‘మన’ అనే మాట మీద మహా మక్కువ. బల్ల మీద పడుకున్నది నేను, సూదులు దిగింది నా పొట్టలోకి. ఆయనకు మాత్రం నొప్పి తప్ప అన్నీ మనవే.

“మన అండాలు జర పచ్చిగున్నయమ్మా. ఫికర్ చేయకు,” అన్నాడు మొదటిరోజు. స్టెమ్ సెల్స్ నుంచి తయారుచేసిన కణాలను పచ్చి అండాల పక్కన ల్యాబు గిన్నెలో ఉంచితే, అవి అండాలను పక్వానికి తెస్తాయట. ఇంకా పరిశోధనలో ఉన్న పద్ధతి అది. ఆయన మాత్రం బిడ్డను అప్పుడే ఒళ్లోకి తీసుకున్నట్టు రెండు చేతులూ ఊయలలా ఊపుతూ చెప్పాడు.

మా విషయంలో ఆ గిన్నెలో ఒక్కటీ పక్వం కాలేదు. ఆ సంగతి చెప్పిన రోజు ఆయన చేతులు ఊగలేదు. కంప్యూటర్ వైపే చూస్తూ, “మీ అండాలే వీక్‌గున్నయమ్మా,” అన్నాడు.

నా పక్కనే కూర్చున్న మా అత్తమ్మ, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చూసుకునే మనిషి, కొంగు సర్దుకొని తాపీగా అడిగింది.

“పండుతయన్ననాడు మనయి అంటిరి. పండకపోయేసరికి మా కోడలివి అయినయా సారూ?”

ఆయన బెల్లు నొక్కి తర్వాతివాళ్లను పిలిచాడు.

బయటికొస్తూ రిసెప్షన్ గోడ చూశాను. ఆ దవాఖానలో వైద్యం ఫలించి పుట్టిన పసివాళ్ల ఫొటోలు వరుసగా ఉన్నాయి. వాటిపైన పెద్ద అక్షరాలతో ‘మా బిడ్డలు’ అని రాయించుకున్నాడు.