మామ చేతుల పసుపు

మా గుర్రం వీపు మీద పుండు పడితే మా మామ దానికి పసుపు పెట్టాడు. ఆర్మూరులో ఎవరైనా చేసే పనే అది. వేలు తెగినా, కాలికి దెబ్బ తగిలినా, మనిషికైనా గొడ్డుకైనా మాకు ముందు గుర్తొచ్చేది పసుపే. పైగా మామ టాంగా మీద మార్కెట్ యార్డుకు పసుపు బస్తాలు తోలేవాడు. జీను ఒరుసుకున్న చోట నూనెలో కలిపిన పసుపును పొద్దున, సాయంత్రం మందంగా మెత్తేవాడు. పైన పచ్చగా పెచ్చు కట్టింది. ఆ పచ్చదనం కింద ఎర్రబడిందో, చీము పట్టిందో ఎవరికి కనిపిస్తుంది? మానుతోందనుకొని మళ్ళీ జీను వేశాడు.

ఒకరోజు యార్డు ముందు, నలుగురిలో, గుర్రం బస్తాల బండితో సహా కూలబడింది. పశువుల డాక్టరు వచ్చి పెచ్చు కడిగి, పుండు కోస్తే వచ్చిన వాసనకు టాంగాల వాళ్ళంతా ముక్కులు మూసుకున్నారు.

"పసుపుది తప్పు లేదు. కడగకుండ కప్పిన్రు, గదీ తప్పు. తోలు గట్టిపడి వెంట్రుకలు వచ్చేదాంక వీపు మీద ఏం వెయ్యొద్దు. ఉత్తగ నడిపియ్యున్రి" అన్నాడు డాక్టరు.

"ఎన్ని దినాలైనా సరే సారూ" అని మామ తల వంచుకున్నాడు. కబురు విని పరుగెత్తుకొచ్చిన నేను గుంపులో నిలబడి ఉన్నాను. ఇంటి పెద్దమనిషి అట్లా తల వంచుకుంటే నా తల కొట్టేసినట్టయింది.

టాంగా ఆగిపోయింది. మామ కొడుకు, నా పెనిమిటి, దుబాయి పోయి ఇంకా కుదురుకోలేదు. నేను బీడీలు చేసేదాన్ని. మామ యార్డులో హమాలీగా చేరి, గుర్రం లాగిన బస్తాలను తన వీపు మీద మోశాడు. ఎంత తోమినా ఆయన చేతుల పసుపు పోయేది కాదు. ఆ చేతులు దగ్గరికొస్తే చాలు, గుర్రం చెవులు వెనక్కి మడిచి కాలు ఎత్తేది. దానికి పసుపు వాసనంటే నొప్పి. నా చేతులు తంబాకు వాసన వేసేవి కాబట్టి నన్ను రానిచ్చేది. అట్లా పుండు కడగడం, నడిపించడం నా పాలబడ్డాయి.

మా వాడలో ఆడది గుర్రాన్ని పట్టుకుపోవడం ఎవరూ చూడలేదు. కొంగు కళ్ళ మీదికి లాక్కొని గుట్ట కింది తోవన నడిపేదాన్ని.

"షికారుకు తీస్కపోతున్నవానే?" అని అరుగుల మీద బీడీలు చేసేవాళ్ళు నవ్వేవాళ్ళు. భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించేది. మామ దూరం నుంచే చెప్పేవాడు: "గుంజకు బిడ్డా. అది మెడ దించినంకనే అడుగు వెయ్యి." పుండు మానాక ఖాళీ గోనెసంచి వేసి చూశాం. వణికితే తీసేసేవాళ్ళం. తర్వాత జీను. తర్వాత ఖాళీ బండి. నా చేతికి అన్నీ ఒప్పుకుంది. మామ చేయిని మాత్రం పడనివ్వలేదు.

అప్పుడే ఆలూరు వైపు ఇటుక బట్టీ నడిపే అతను బేరానికి వచ్చాడు. "నిన్ను ముట్టనియ్యని గుర్రంతోని టాంగ ఎట్ల నడుపుతవు? నాకియ్యి" అన్నాడు. బట్టీకి పోయిన గుర్రం ఎట్లా చస్తుందో మాకు తెలుసు. అయినా మామ అతనికి కాదని చెప్పలేదు.

ఆ రోజుల్లోనే నా తంబాకు తగ్గడం మొదలైంది. తంబాకు తూకం వేసి ఇచ్చి, చేసిన బీడీలు లెక్కపెట్టి తీసుకునే కమీషన్‌దారు అందరి ముందు అడిగాడు: "గింత తంబాకుకు గిన్నేనా బీడీలు? ఇంట్ల ఎవలో అమ్ముకుంటున్నట్టున్నరు, చూస్కో." ఆడవాళ్ళంతా నన్నే చూశారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మామకు పొగ అలవాటుంది. నేను ఆయన్ను ఏమీ అడగలేదు. ఇంటికొచ్చి తంబాకును పాత చీర గుడ్డలో మూటగట్టి, ముడి మీద ముడి వేసి, బియ్యం డబ్బాలో పెట్టాను. గడపలో నిలబడి మామ అంతా చూశాడు. ఆ పూట బువ్వ వద్దని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి నీళ్ళ బకెట్‌తో బయటికి రాబోయి తలుపు వెనకాలే ఆగిపోయాను. నేను బీడీలు చేసే చోట మామ గొంతుక్కూర్చొని, నేల మీద రాలిన తంబాకు పొట్టును అరచేత్తో ఊడ్చి దగ్గరికి చేస్తున్నాడు. దాన్ని సబ్బు రుద్దుకున్నట్టు మోచేతుల దాకా రుద్దుకున్నాడు. గుర్రం దగ్గరికి పోయి చేతులు చాచాడు. అది చెవులు మడిచింది, మెడ సాచి వాసన చూసింది, మెల్లగా చెవులు నిలబెట్టింది. మామ చేయి మెడ మీది నుంచి వీపు మీదికి పోయి, పుండు మానిన చోట తెల్లగా మొలిచిన వెంట్రుకల మీద ఆగింది.

"గిప్పుడు నొయ్యదు బిడ్డా" అన్నాడు. నన్ను కూడా బిడ్డా అనే పిలుస్తాడు.

నా తంబాకు ఇన్నాళ్ళు ఎటు పోయిందో అప్పుడు తెలిసి, చప్పుడు కాకుండా లోపలికి పోయి మూట విప్పాను. తంబాకును ఎప్పటిలాగే చేటలో పోసి బయట పెట్టాను. బట్టీ అతను మళ్ళీ వస్తే మామ గుర్రాన్ని అమ్మేది లేదన్నాడు. టాంగా మళ్ళీ యార్డుకు పోయింది.

కానీ మామ ఇక నాకు తెలియకుండా చిటికెడు కూడా తీసుకోలేదు. రోజూ గుర్రాన్ని బండికి కట్టేముందు, తన ఇంట్లో తాను, నా చేట ముందుకొచ్చి నిలబడేవాడు.

"జరంత తీస్కోనా బిడ్డా?" అని అడిగేవాడు.

నేను తలెత్తలేక చేటను ఆయన వైపు జరిపేదాన్ని.