హుటాన్ మెలింటాంగ్‌కు ప్రొఫెసర్ కోసం వెళ్ళిన రోజు

ఉత్తర జర్మనీలో నేను సముద్ర జీవశాస్త్రం చదువుకునేటప్పుడు మాకు చేపల వేట గురించి పాఠాలు చెప్పింది ప్రొఫెసర్ ఊల్‌రిష్. ఆ రంగంలో ఆయన మాటకు తిరుగు లేదు. వయసులో ఉండగా ఒక నిపుణుల బృందంతో మలేసియా వచ్చి, పెరాక్ తీరంలోని జాలర్లకు ట్రాల్ వల వాడడం నేర్పారు. సముద్రం అడుగును ఈడ్చుకుంటూ పోయే పెద్ద సంచి వల అది. ఆ పని మీద రాసిన సిద్ధాంత గ్రంథంతోనే ఆయనకు ఆచార్య పదవి, పరిశోధన సంస్థ అధ్యక్షత, పతకాలు అన్నీ వచ్చాయి. నేను మాత్రం ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క కౌలాలంపూర్‌లో ఒక బీమా కంపెనీ కంప్యూటర్ విభాగంలో చేరాను. ఆయన కూతురు కారిన్ జర్మనీ నుంచి ఫోన్ చేసేదాకా ఆయన ఇదే దేశంలో ఉన్నారని నాకు తెలియదు. భార్య పోయాక అదే తీరంలోని హుటాన్ మెలింటాంగ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని అక్కడే ఉండిపోయారట. "కాళ్ళు వాచాయి, మందులు వేసుకోవడం లేదు. ఇక్కడ ఆయన పాత సంస్థ సన్మానం చేస్తానంటోంది. నా మాట వినడు. నువ్వు వెళ్ళి తీసుకురాగలవా?" అని అడిగింది.

శనివారం తెల్లవారగానే బ్రిక్‌ఫీల్డ్స్‌లో మా ఇంటి నుంచి బయల్దేరాను. కేఎల్ సెంట్రల్‌లో కమ్యూటర్ రైలెక్కి బందర్ తాసిక్ సెలతాన్‌లో దిగితే పక్కనే దక్షిణ బస్ టెర్మినల్. అక్కడి నుంచి, హుటాన్ మెలింటాంగ్‌కు దగ్గరి పట్నమైన తెలుక్ ఇంతాన్‌కు నేరుగా బస్సులున్నాయి. టికెట్ పాతిక రింగిట్ల లోపే, ప్రయాణం మూడు గంటలు. అక్కడ దిగాక సాయంత్రం దాకా ఉండేలా ఒక కారు మాట్లాడుకున్నాను. డ్రైవర్ సూరిబాబు మన తెలుగువాడే. తాతలు తోట పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. "మా పిల్లలకి తెలుగు అర్థమవుతాది గానీ మాటాడరు లా," అన్నాడు, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం చివర 'లా' తగిలించి. జర్మన్ పెద్దాయన తెలుసా అని అడిగాను. "ఆ తెల్ల తాతా? రోజూ జెట్టీలో కూకుంటాడక్కా. సేపలు సూస్తాడు, ఎల్లిపోతాడు. ఎవులితోనూ మాటాడడు."

అరగంటలో జెట్టీకి చేరాం. పోటు మీద పడవలు వచ్చి ఉన్నాయి. కూలీలు చేపలను పారలతో ఎత్తి డబ్బాల్లోకి పోస్తున్నారు. వేలెడంత కూడా లేని చేపలు, ఒకదానికొకటి అతుక్కుని బూడిదరంగు ముద్దలా ఉన్నాయి. వీటిని ఇక్కడ ఇకాన్ బాజా, అంటే ఎరువు చేప అంటారు. మనుషులు తినడానికి పనికిరావు, దాణాకు పోతాయి. ఆ కుప్ప పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద ప్రొఫెసర్ కూర్చుని ఉన్నారు. జర్మన్‌లో పలకరించగానే నన్ను గుర్తుపట్టారు. కుశల ప్రశ్నలేవీ లేవు. ఒక చిన్న చేపను ఎత్తి నా అరచేతిలో పెట్టారు.

"ఇది మూరెడు పెరగాల్సిన జాతి. మొదటిసారి మేం వల పైకి లాగినప్పుడు చేపల బరువుకి పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. నా మెడలో దండ వేశారు. వల ఎలా వేయాలో చెప్పాను, ఎలా లాగాలో చెప్పాను. ఎక్కడ ఆపాలో చెప్పలేదు. అప్పుడు నాకే తెలియదు."

సన్మానం సంగతి ఎత్తాను. ఆయన చేప వంకే చూస్తూ తల అడ్డంగా ఊపారు.

మధ్యాహ్నం భోజనం ఆయన అద్దెకుండే ఇంట్లోనే. ఆ ఇల్లు అప్పలమ్మది. ఆమె భర్త ఈ ఊళ్ళో ట్రాల్ వల నేర్చుకున్న మొదటి మనుషుల్లో ఒకడు. పెద్ద పడవ కొన్నాడు. చేపలు తగ్గాక ఇంకా దూరం వెళ్ళాడు, ఆఖరికి పడవ అమ్మేసి, మంచం పట్టి పోయాడు. చేపల రేవున్న ఊళ్ళో ఆమె మాకు వండి పెట్టింది డబ్బా సార్డీన్ల పులుసు. తిన్నాక నన్ను వెనక వంటింట్లోకి పిలిచింది.

"అమ్మా, నువ్వు ఆ మనిషిని తీసుకెల్లిపో. పొద్దున్న లేస్తే నన్ను సూసి మాఫ్ అంటాడు. అన్నం పెడితే మాఫ్ అంటాడు."

మాఫ్ అంటే మలయ్‌లో క్షమించమని.

"నీ తప్పేటీ నేదని ఎన్నిసార్లు సెప్పినానో. ఇనడు. ఆయన ఏడుపుకి నా ఇల్లే దొరికినాదా? మా ఆయన్ని నేను ఎప్పుడు మరిసిపోతాను?"

"మీరే చెప్పచ్చు కదా పెద్దమ్మా?"

"పెద్దమనిషి, మొహం మీద ఎలాగ సెప్తాను? ఆయన బాసలో నువ్వు సెప్పు."

వసారాలో ఆయన పక్కన కూర్చుని ఆమె అన్నదంతా చెప్పాను. మెత్తగా చెప్పడానికి మాటలు వెతికాను, దొరకలేదు. "నేనుంటే ఆమెకు కొంచెం తేలికవుతుందనుకున్నాను," అన్నారు ఆయన. తరువాత లేచి లోపలికి వెళ్ళి చిన్న సంచీ సర్దుకున్నారు. గుమ్మం దగ్గర అప్పలమ్మ వైపు తిరిగి ఏదో అనబోయారు. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆయన వచ్చి కారెక్కారు.

బస్సులో ఆయన కూర్చోలేరని సూరిబాబునే కౌలాలంపూర్ దాకా రమ్మన్నాను. బస్సు కంటే చాలా ఎక్కువ అవుతుంది గానీ, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు వేరే దారి లేదు. సబక్ బెర్నామ్ మీదుగా తీరం వెంట దిగి, కౌలా సెలంగోర్‌లో టీకి ఆగాం. దారి పొడవునా ఆయిల్ పామ్ తోటలే. ఇప్పుడు నేనేం పని చేస్తున్నానని అడిగారు. బీమా కంపెనీ అని చెప్పాను. అయ్యో అంటారనుకున్నాను. "మంచి పని చేశావు," అన్నారు. ఆ మాటతో, నేను ఎప్పటికైనా ఆ చదువు దగ్గరికి తిరిగి వెళ్తానని లోపలెక్కడో మిగిలిన ఆశ కూడా పోయింది. కొట్లో వాళ్ళు చూస్తారని ముఖం పక్కకి తిప్పుకున్నాను.

వారంలోపే కారిన్ వచ్చి ఆయన్ని జర్మనీకి తీసుకెళ్ళింది. తరువాత ఒక ఆదివారం అప్పలమ్మకు ఫోన్ చేసి, ఇప్పుడు నిమ్మళంగా ఉందా అని అడిగాను. "ఏటి నిమ్మళం," అంది. "ఇదివరకు నా కోపం ఆ తెల్లాయన మీదికి పోయీది. ఇప్పుడు ఎక్కడికీ పోదు."

సన్మానం జరిగింది. పాత ఫిల్ములో ఆ మొదటి వల పైకి రావడం చూపించారట. హాలంతా చప్పట్లు కొట్టింది. "నాన్న కూడా కొట్టాడు. ఎందుకు కొడుతున్నాడో నేను అడగలేకపోయాను," అంది కారిన్ ఫోన్లో. ఒక మనిషిని కాపాడి తెచ్చానని ఆమె నాకు కృతజ్ఞతలు చెప్పింది. నేనేం తెచ్చానో నాకు తెలుసు. అక్కడ ఆయనకు కనీసం క్షమాపణ అడగడానికి ఒక మనిషి ఉండేది. మీరెవరైనా హుటాన్ మెలింటాంగ్ వెళ్తే, పోటు వేళ కనుక్కుని దాన్ని బట్టి బస్సు టికెట్ తీసుకోండి. నీళ్ళు తీసేశాక వెళ్తే బురదలో ఒరిగిన పడవలు తప్ప జెట్టీలో చూడడానికి ఏమీ ఉండదు.