మాతో వచ్చిన నాలుగో ఆవిడ

2025 మార్చి 29, శనివారం ఉదయం పదీ ఇరవైకి ఇది మొదలైంది. సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుడి కారు పార్కింగులో. దర్శనానికి జనం పెరగకముందే లోపలికి వెళ్దామని గడియారం చూసుకుంటూ ఉన్నాను కాబట్టి సమయం గుర్తుంది.

దయ్యాలూ భూతాలూ నేను ఏనాడూ నమ్మలేదు. గుడివాడ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అద్దె తక్కువని తొమ్మిదేళ్ళు శ్మశానం పక్క ఇంట్లో కాపురం చేశాను. అక్కడ నన్ను పీడించినవి దోమలు మాత్రమే.

ఇప్పుడు నాకు డెబ్భై ఒకటి. స్కోఫీల్డ్స్‌లో కూతురి ఇంట్లో ఉంటాను. ఆ రోజు నాతో ఉన్నవాళ్ళు ఇద్దరు. వరలక్ష్మిది కరీంనగర్, ఇక్కడ గిరావీన్‌లో కూతురు స్వప్న దగ్గర ఉంటుంది. రుక్మిణి ఫిజీలో పుట్టిన తెలుగావిడ, అక్కడి 1987 సైనిక తిరుగుబాటు తర్వాత సిడ్నీ వచ్చి స్థిరపడింది. మరో వారంలో ముగ్గురం వీపున సంచులు తగిలించుకుని చైనా నగరాలు తిరగబోతున్నాం. "అమ్మమ్మా, యు ఆర్ ఎ బ్యాక్‌ప్యాకర్ నౌ?" అని మా మనవడు పడీ పడీ నవ్వాడు.

ఈ ప్రయాణం వరలక్ష్మి కోసం. ఆమెకు మతిమరుపు మొదలైంది. క్రమంగా పెరుగుతుందని డాక్టరు చెప్పారు. చైనా చూడాలన్నది ఆమె కోరిక, చూస్తే ఇప్పుడే చూడాలి. స్వప్న అతి కష్టం మీద ఒప్పుకుంది.

"ఆంటీ, మీ మీద నమ్మకంతోటి పంపిస్తున్న. మమ్మీ ఒక్కసారి తప్పిపోయినా దటీజ్ ఇట్. నెక్స్ట్ ఫ్లయిట్‌లో వాపస్. మళ్ళ ఎక్కడికీ పంపను" అంది. నేను మాట ఇచ్చాను.

పార్కింగు అంచున వరలక్ష్మి వంగి ఒక గులకరాయి తీసుకుని కొంగుతో తుడిచింది.

"అదెందుకే?" అన్నాను.

"ముగ్గురం పోవుడు మంచిది కాదక్కా. నాలుగో మనిషి లేకుంటే రాయినన్న పట్టుకపోవాలె."

"మా అవ్వ కూడా సేమ్ అక్కా!" అంది రుక్మిణి. "లబాసా నుంచి సువా వెళ్ళాలన్నా, రాయి ఇన్ ది బ్యాగ్!"

సముద్రాలు దాటి వచ్చిన చాదస్తం అన్నమాట. "దానికి టికెట్టు మాత్రం నేను కొనను" అన్నాను. రాయి వరలక్ష్మి సంచి పక్క జేబులోకి వెళ్ళింది.

ఏప్రిల్ మొదటి వారంలో షియాన్‌లో దిగాం. మా ముగ్గురివీ ఆస్ట్రేలియా పాస్‌పోర్టులే కనుక వీసా బాధ లేదు. రైలెక్కిన ప్రతిసారీ నేను మనుషుల్ని లెక్కపెట్టేదాన్ని. నేను "ముగ్గురం" అనగానే వరలక్ష్మి "నలుగురం" అని సరిదిద్దేది. కాలేజీలో ఏ పిల్లా నన్ను అంత ధైర్యంగా సరిదిద్దలేదు.

షియాన్ హాస్టల్లో కౌంటరు దగ్గరి అమ్మాయి నాలుగు తువ్వాళ్ళు ఇచ్చింది. మేం తీసుకున్నవి మూడు మంచాలే. ఒకటి వెనక్కి ఇచ్చాను. ఆ పిల్ల నా భుజం మీదుగా వెనక్కి చూసి, దాన్ని మళ్ళీ నా చేతిలో పెట్టింది. నాలుగు మంచాల గది కదా, అలవాటుగా ఇచ్చి ఉంటుందనుకున్నాను.

చెంగ్డూలో ఒక పార్కులో వెదురు కుర్చీలు వేసుకుని రోజంతా టీ తాగుతారు. మేమూ కూర్చున్నాం. కుర్రాడు నాలుగు మూత కప్పులు తెచ్చాడు. నేను మూడు వేళ్ళు చూపించాను. అతను నాలుగు చూపించి, వరలక్ష్మి సంచి పెట్టిన కుర్చీ వైపు గడ్డం ఎత్తాడు.

"రాయి ఈజ్ థర్స్టీ అక్కా, వదిలెయ్" అంది రుక్మిణి.

కాసేపటికి చూస్తే నాలుగో కప్పు ఖాళీ. మీలో ఎవరు తాగారంటే, నువ్వే తాగావని ఇద్దరూ నా మీదికే తిరిగారు. డబ్బులిచ్చినవి ఎలాగూ వదలవు కదా అని వరలక్ష్మి వెక్కిరింపు. నేను తాగలేదు. అప్పుడు మాత్రం నవ్వుకుని లేచాం.

ఏప్రిల్ 17, గురువారం, చోంగ్‌చింగ్. ఆ ఊరు కొండ మీద అరలు పేర్చినట్టు ఉంటుంది. వీధిలోంచి ఒక భవనంలోకి వెళ్ళి, లిఫ్టులో పది అంతస్తులు కిందికి దిగి తలుపు తీస్తే అక్కడా వీధే, బస్సులే. మేం ఎక్కిన లిఫ్టు కిక్కిరిసి ఉంది. మధ్యలో ఎక్కడో ఆగినప్పుడు జనంతో పాటు వరలక్ష్మి కూడా దిగిపోయింది. నేను చూసేలోపు తలుపులు మూసుకున్నాయి.

ఆమె ఫోన్ నా సంచిలో చార్జింగులో ఉంది. చైనా డబ్బంతా నా దగ్గరే. ఆమెకు చైనా భాష ఒక్క ముక్క రాదు. హాస్టల్ పేరు పొద్దున చెబితే మధ్యాహ్నానికి గుర్తుండదు.

రుక్మిణి పై అంతస్తులు, నేను కింది అంతస్తులు వెతికాం. ప్రతి అంతస్తుకూ ఒక వీధి ఉంటే ఎక్కడని వెతకడం? అంతలో నా సంచిలో వరలక్ష్మి ఫోన్ మోగింది. తెర మీద స్వప్న ముఖం. ఆగేదాకా దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎత్తి ఏం చెప్పను?

దాదాపు గంట తర్వాత రుక్మిణీ నేనూ ఒక మెట్ల సందు దగ్గర కలిశాం. పోలీసుల దగ్గరికి వెళ్దామనుకుంటుండగా కింద నుంచి వరలక్ష్మి నవ్వు వినిపించింది. ఆ నవ్వు గిరావీన్‌లో నవ్వితే స్కోఫీల్డ్స్‌లో వినిపిస్తుంది.

అదొక చిన్న నూడిల్స్ కొట్టు. వరలక్ష్మి స్టూలు మీద కూర్చుని హాయిగా తింటోంది. ఎదుట తినేసిన గిన్నె ఒకటి, పైన తినే పుల్లలు సరిగ్గా సర్ది ఉన్నాయి. మిగతా రెండు స్టూళ్ళ ముందు వేడి గిన్నెలు అప్పుడే పెట్టారు, ఇంకా ఆవిరి పోతోంది.

"గింత ఆలస్యమా అక్కా?" అంది. "మీరొచ్చేదాక కదలొద్దని ఆమె చెప్పింది."

"ఎవరే?"

"మంచిగున్నది, మీరే పంపి నన్నే అడుగుతున్నరు! మనతోటి వచ్చినామె."

వరలక్ష్మి మాటను నేను సాక్ష్యంగా తీసుకోను. ఆమె జబ్బు నాకు తెలుసు. నేను రాస్తున్నది కొట్టావిడ చెప్పింది. ఆవిడ తన ఫోన్లో మాట్లాడితే అది ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఇద్దరు వచ్చారట. రెండో ఆవిడ నాలుగు గిన్నెలకూ చెప్పి, ఇంకో ఇద్దరు స్నేహితులు వస్తారందట. డబ్బిచ్చి, తిని, ఇప్పుడే మెట్లెక్కి వెళ్ళిందట. మేం వచ్చింది ఆ మెట్ల మీదుగానే. మాకు ఎవరూ ఎదురు రాలేదు.

తర్వాత ఆ కొట్టావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి ఇంకో ప్రశ్న వేసింది. "మీలో మాంసం తిననిది ఎవరు?"

ముగ్గురిలో శాకాహారిని నేనొక్కదాన్నే. రెండు గిన్నెల్లో ఒకదానిలో మాంసం లేదు, గుడ్డు కూడా లేదు. బఠానీలు, ఆకుకూర మాత్రమే.

"తిను అక్కా, చల్లారిపోతుంది" అని రుక్మిణి తనది మొదలుపెట్టింది. నేనూ తిన్నాను. బాగుంది. కారం మా గుడివాడ వాళ్ళకు కూడా కాస్త ఎక్కువే.

ఇచ్చిన మాట ఇచ్చినట్టే కాబట్టి, అక్కడ కూర్చునే స్వప్నకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిడుతుందని, రేపే వెనక్కి రమ్మంటుందని సిద్ధపడ్డాను.

"ఎవరు ఆంటీ, బ్లూ స్వెటర్ ఆంటీయా?" అంది.

"బ్లూ స్వెటర్ ఎవరమ్మా?"

"నిన్న వీడియో కాల్‌లో మమ్మీ పక్కన కూర్చున్నారు కదా. నేను హాయ్ కూడా చెప్పిన. మీరు ముగ్గురే అనుకున్న, నలుగురు ఉంటే ఇంకా మంచిది. సరే, ఆమెను మమ్మీ చెయ్యి వదలొద్దని చెప్పండి. ట్రిప్ ఫినిష్ చేసుకుని రండి."

అలాంటి ఆవిడ మాతో లేదని రెండుసార్లు చెప్పాను. "ఆంటీ, జోకులు!" అని నవ్వి పెట్టేసింది. మా ముగ్గురిలో ఎవరికీ నీలం స్వెటర్ లేదు. ముందురోజు వాళ్ళు మాట్లాడుతున్నప్పుడు నేను ఆ గదిలోనే బట్టలు మడతపెడుతున్నాను. వరలక్ష్మి పక్కన ఎవరూ లేరు.

ఆ సాయంత్రం వరలక్ష్మి సంచి తీసి చూశాం. పక్క జేబు జిప్పు వేసే ఉంది. రాయి లేదు. పొద్దున చార్జింగు కోసం ఆ జేబులోంచి ఆమె ఫోన్ తీసుకున్నప్పుడు నా వేళ్ళకు తగిలింది. అక్కడి నుంచి మిగిలిన రోజుల్లో ఎక్కడ కూర్చున్నా మాకు మూడు కప్పులే వచ్చాయి. వరలక్ష్మి చెయ్యి నేను పట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక చాలా ఆలోచించాను. దయగల చైనా ఆవిడ ఎవరో అనుకుందామంటే, నా తిండి సంగతి ఆమెకు ఎలా తెలుసు? స్వప్న పొరబడిందనుకుందామంటే, కొట్టావిడ మాట మిగిలిపోతుంది. ఒకటి సర్దితే ఇంకొకటి సర్దడం లేదు. నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. ఇది మాత్రం ఏమిటో నాకు తెలియదు.

ఈ ప్రయాణంలో పోయినవి: షియాన్‌లో నా గొడుగు. చెంగ్డూలో రుక్మిణి కళ్ళజోడు పెట్టె. చోంగ్‌చింగ్‌లో రాయి. ఇంటికి వచ్చాక, వరలక్ష్మి జ్ఞాపకంలోంచి షియాన్ మొత్తం, చెంగ్డూ సగం. చోంగ్‌చింగ్ ఇంకా ఉంది.