జొన్న పిలకల పేజీ

1966లో, చెరుకు సీజను మొదలయ్యే రోజుల్లో, నన్ను నిజామాబాద్ నుంచి బోధన్ వైపు ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. నా హోదా మూడో గ్రేడు లైబ్రేరియను. ప్రొబేషన్ పూర్తికావడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. ప్రొబేషన్ అంటే పై అధికారి సంతకం పడేదాకా ఉద్యోగం మనది కాదని అర్థం. ఏ వంక దొరికినా ఇంటికి పంపవచ్చు.

గ్రంథాలయం ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీదే ఉండేది. చెరుకు బండ్లు కాంటా దగ్గర తూకానికి వరస కట్టి, ఒక్కోసారి పగలంతా మా వాకిలి ముందే ఆగిపోయేవి. బండ్లవాళ్ళు మంచినీళ్ళకని లోపలికి వచ్చేవారు. చాలామందికి చదువు రాదు. ఒకరోజు సాయిలు అనే పెద్ద వయసు రైతు బీరువా అద్దంలోంచి ఒక అట్టమీది ఎద్దు బొమ్మను చూసి, "గీ ఎద్దు గురించి ఏం రాసిన్రు సారూ? జర సదివి ఇనిపియ్యి" అన్నాడు.

అది 636 నంబరు అర. లైబ్రరీ వర్గీకరణలో పెంపుడు జంతువుల పుస్తకాలన్నిటికీ అదే సంఖ్య. ఆవులు, గేదెలు, కోళ్ళు, గుర్రాల మీద మా దగ్గర పదకొండు పుస్తకాలుండేవి. నేను చార్జి తీసుకునే నాటికి వాటిలో ఏ ఒక్కటీ బయటికి పోయిన దాఖలా లేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం గంటసేపు అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవాణ్ణి. 'నిరక్షరాస్యులకు పఠనం' అని దినచర్య రిజిస్టరులో నమోదు కూడా చేసేవాణ్ణి.

వాళ్ళు తలాడిస్తూ వినే రకం కాదు. పుస్తకం ఎద్దును పశుసంపద అనేది, వాళ్ళు పేరు పెట్టి పిలిచేవారు. ఒక పుస్తకంలో గుర్రపు నాడా బొమ్మ వేసి, కింద ఎద్దు నాడా అని రాశారు. ఎద్దు కాలికి రెండు గిట్టలు, నాడా కూడా రెండు ముక్కలు. ఆ బొమ్మ చూసి కడుపుబ్బ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, పుస్తకాన్ని అవమానించినట్టు అనిపించింది. అప్పట్లో నేను అలాంటి మనిషిని.

ఒకనాడు మేత గురించిన పేజీ చదివాను. పచ్చి జొన్న ఏ దశలోనైనా ఎద్దుకు మంచి బలమని అందులో ఉంది. సాయిలు అడ్డుపడ్డాడు. "ఏ దశలోనైనా అంటే తప్పు సారూ. కోసినంక కొయ్యకాళ్ళకు వచ్చే పిలకలు ఇషం. తింటే ఆడనే పడిపోతది." అచ్చయిన మాట, చదువుకున్నవాళ్ళు రాసిన మాట అని నేను కొంచెం కటువుగానే చెప్పాను. పక్కనున్న గంగారాం అనే రైతు నా వైపు మాట్లాడి, ముసలాయన్ని ఆటపట్టించాడు. సాయిలు లేచి తన బండి దగ్గరికి పోయాడు. అచ్చులో ఉన్నదాన్ని అడగకుండా నమ్మడం మా వృత్తివాళ్ళకు పట్టిన జబ్బు.

మూడో రోజు గంగారాం ఒక్కడే వచ్చాడు, బండి లేకుండా. బండ్ల వరస కదలకపోతే ఎద్దులు విప్పి, కాలువ నీరందని మెరక చేలోకి తోలాడట. జొన్న కోసిన చేను, పచ్చగా పిలకలు వేసి ఉంది. "నువ్వు సదివినవని మేపిన సారూ. ఎర్రన్న నోట్ల నురుగొచ్చింది. నా ముంగటనే పడిపోయిండు" అన్నాడు. ఎర్రన్న అతని ఎద్దు పేరు. తిట్టినా బాగుండేది, తిట్టలేదు. ఒంటి ఎద్దుతో బండి నడవదు, అతని సీజను అక్కడితో ఆగిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పశువుల డాక్టరును అడిగితే సాయిలు చెప్పిందే నిజమన్నాడు.

ఆ రోజే పుస్తకం తీసి, ఆ పేజీ అంచున పెన్సిలుతో రాశాను: "ఇది తప్పు. కోసిన జొన్నకు వచ్చిన పిలకలు మేపవద్దు, పశువు చస్తుంది. చెప్పినవారు: సాయిలు, రైతు." అట్టమీద రచయిత పేరున్నప్పుడు అంచున సాయిలు పేరు ఎందుకు ఉండకూడదు?

పాఠకుడు పుస్తకంలో గీత గీస్తే కొత్త పుస్తకం తెచ్చివ్వాలి. లైబ్రేరియనే రాస్తే అది క్రమశిక్షణ చర్యకు తగిన నేరం. నాకు తెలిసే రాశాను.

నెల తర్వాత ఇన్‌స్పెక్టరు వార్షిక తనిఖీకి వచ్చారు. ప్రతి పుస్తకాన్నీ రిజిస్టరులోని వరస సంఖ్యతో సరిచూస్తూ, విప్పి చూడటం పద్ధతి. ఆ పేజీ దొరికింది. ఆయన చెడ్డవారేమీ కాదు. జేబులోంచి రబ్బరు తీసి బల్లమీద పెట్టి, నా ప్రొబేషన్ ఫైలు కూడా పక్కన పెట్టి, ఇది చెరిపేస్తే దానిమీద సంతకం చేస్తానన్నారు. "చదువురానివాడి మాట పుస్తకంలో ఎట్లా ఉంటుందయ్యా?" అని అడిగారు. చదువుకున్నవాడి మాట ఒక ఎద్దును చంపిందండీ అన్నాను. అయితే ప్రచురణకర్తకు ఉత్తరం రాయి, జవాబు వచ్చాక చూద్దాం అన్నారు. జవాబు వచ్చేలోపు ఈ పేజీ విని ఇంకెవరు ఎద్దును పోగొట్టుకోవాలి? నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను రబ్బరు ముట్టలేదు. సిరా కలం మూత తీసి, ఆయన చూస్తుండగానే, పెన్సిలు అక్షరాల మీద ఒక్కొక్కటిగా దిద్దాను. సాయిలు పేరు ఇంకాస్త ఒత్తి దిద్దాను.

ఆయన సంతకం చేయకుండానే ఫైలు మూసేశారు. నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించి, బాల్కొండ వైపు బదిలీ చేశారు. సంజాయిషీ అడిగితే ఇలా రాసిచ్చాను: "రాసింది నేనే, సిరాతో దిద్దిందీ నేనే. ఆ మాట నిజం కనుక చెరపను." పుస్తకాన్ని అర నుంచి తొలగించాలంటే గ్రంథాలయ సంస్థ తీర్మానం కావాలి. దానికి ఎవరూ పూనుకోలేదు. చార్జి అప్పగించే ముందు ఆ పేజీని అంచు రాతతో సహా బండ్లవాళ్ళందరికీ మరోసారి చదివాను. ఆ తప్పును నిజమని చదివి వినిపించింది నేనేనని, సాయిలు మాట వినకపోవడం నా పొగరని, గంగారాం ఎదుటే చెప్పాను.

పుస్తకం తప్పు చెబుతోందని తెలిసీ దాన్ని అలాగే అరలో ఉంచినవాడు ఆ తప్పులో భాగస్తుడు. నాకు అర్థమైంది ఇదే. తర్వాత పనిచేసిన ప్రతిచోటా పశువుల పుస్తకాల వెనక తెల్లకాగితాలు అతికించి, వాటిని పెంచేవాళ్ళు చెప్పింది వాళ్ళ పేర్లతో సహా రాశాను. పదవీ విరమణ లోపు ఇంకో రెండుసార్లు సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. ఒక్క పేరూ చెరపలేదు.