తేదీ వేయని వీలునామా

నేను దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల పంచ కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇంకు ప్యాడు. ముప్ఫై ఏళ్లుగా నా సామ్రాజ్యం అదే. ఈమధ్య బల్ల మీదికి కంప్యూటర్ వచ్చింది గానీ నా భాష మారలేదు. 'సదరు' అనే మాట లేకపోతే నా వాక్యం లేచి నిలబడదు. పెళ్లయిన కొత్తలో అత్తగారికి ఉత్తరం రాస్తూ 'సదరు మీ కుమార్తె క్షేమం' అన్నానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. ఎవరి పొలానికి ఏ దిక్కున ఏ కాలవ పారుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. నా హద్దు ఎక్కడుందో నాకు తెలియడానికి మాత్రం మా అక్క పోవలసి వచ్చింది.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఇందుకూరుపేట దాటి మైపాడు పోయే దారిలో వాళ్లకు కాస్త వరి పొలం ఉండేది. దాన్ని రొయ్యల చెరువులుగా మార్చింది ఆమే. బావ ఉన్నన్నాళ్లూ పేరు ఆయనది, పెత్తనం ఆమెది. ఆయన పోయాక రెండూ ఆమెవే అయ్యాయి. చెప్పుల్లేకుండా గట్టు మీద నడుస్తూ, నీళ్లలోంచి రొయ్యను తీసి, మీసం చూసి జబ్బు చెప్పేది. చదువు మాత్రం వేలిముద్ర దగ్గరే ఆగిపోయింది. "నాది వేలిముద్ర, నీది నోటిముద్ర. రెంట్లో ఏది చెరిగిపోద్దో అందరికీ తెలుసు" అని నన్ను ఎగతాళి చేసేది.

డెబ్బై దాటాక ఆమెకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చింది. తగ్గేది కాదని, నిదానంగా ముదురుతుందని నెల్లూరు డాక్టర్లు దాచకుండా చెప్పారు. ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని కుర్చీలోంచే చెరువుల మీద పెత్తనం చేస్తుండేది. పోయిన వేసవిలో జ్వరమొచ్చి, ఊపిరందక, ఆస్పత్రిలో నాలుగు రోజులు గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టారు. ఎట్లాగో బయటపడింది. ఇంటికొచ్చాక చూడబోతే గొంతు బొంగురుపోయి ఉంది. తన మణికట్లు నా ముందు చాపింది.

"గుడ్డ పేలికలతో మంచం కడ్డీలకి కట్టేసినారబ్బయా. ముక్కు మీద దురద పుడితే గోక్కునేదానికి లేదు. నేనేం దొంగతనం చేసినానని?"

గొట్టం పీకేసుకుంటారని కట్టి ఉంటార్లే అన్నాను. వాళ్ల తప్పేం లేదనీ, తను నిజంగా పీకేసేదేననీ ఆమే ఒప్పుకుంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

వినాయక చవితికి కొన్ని రోజుల ముందు ఆటోలో నా పంచ దగ్గరికే వచ్చింది. పక్కన చిన్న సిలిండరు, ముక్కుకు గొట్టాలు. వచ్చి దస్తావేజులు రాయించుకునే పార్టీలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. వీలునామా రాయమంది. ఆస్తికి ఎప్పుడో రాశాం కదా అంటే, ఆస్తికి కాదు నాకు అంది.

"ఈసారి ఊపిరాడకపోతే ఆ గొట్టం వేయొద్దని రాయి. చేతులు కట్టొద్దని రాయి. నా ఇంట్లో నా మంచం మీద పడుకోబెట్టి, ఆయాసం తెలీకుండా మందేదన్నా ఉంటే ఇయ్యమను. అంతే."

నూరేళ్లు బతుకుతావంటూ ఏదో మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది. చెరువు నీళ్లకు గాలి అందించడానికి వాళ్ల దగ్గర ఏరియేటర్లని చక్రాలుంటాయి, రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంటాయి.

"చెరువుకి వైట్‌స్పాట్ జబ్బు కొట్టి, ఇంక లాభం లేదని తేలినాక ఏరియేటర్లు తిప్పతా కూర్చుంటామా? రొయ్యకిచ్చే మర్యాద నాకియ్యవా?"

జవాబు లేనప్పుడు నేను హాస్యమాడతాను. ఆ రోజూ అదే చేశాను. 'నా పూర్తి స్వాధీనానుభవంలో ఉన్నదియు, ఎవరికిని తనఖా పెట్టనిదియు అగు సదరు నా దేహమును గూర్చి' అని ఎత్తుకున్నాను. చతుస్సరిహద్దులు కూడా వేశాను: తూర్పున సముద్రం, పడమర కోడలి వంటిల్లు, ఉత్తరాన చెరువు గట్టు, దక్షిణాన యముడుగారు. ఆ కింద ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. చదివి వినిపిస్తే అక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. పక్క బల్లల వాళ్లు తలలు తిప్పి చూశారు. దగ్గు తగ్గాక కళ్లు తుడుచుకుని ఒకే మాట అడిగింది.

"నవ్వింది చాల్లే. ఇది నిలబడద్దా?"

నిలబడుతుందని చెప్పాను. ఇట్లాంటి కాగితాలను పెద్ద కోర్టే ఒప్పుకుంది. ఇద్దరు సాక్షులు ఉండాలి, నోటరీ ముందో గెజిటెడ్ ఆఫీసరు ముందో ముద్ర వేయాలి. అయితే పిలవమంది. పిలవడం ఎంత పని? పక్క బల్లల వాళ్లిద్దరూ రోజూ ఊరందరికీ సాక్షులే. ఒక టీ తాగి, ఎవరి పొలం ఎవరికి పోతుందో కూడా చదవకుండా సంతకాలు చేస్తారు. వాళ్లను పిలవాలంటే నాకు నోరు రాలేదు. తోడబుట్టినదానికి చావు కాగితం రాశాడని సాయంత్రానికి ఆ పంచలన్నీ చెప్పుకుంటాయి. ఇప్పుడు మూఢం నడుస్తోందక్కా, అది పోయాక చేద్దామన్నాను. నమ్మనట్టే చూసింది.

"మంచి పనికి మూఢమని విన్నా గానీ చావుకి కూడానా అబ్బయా?"

అయినా లేచి వెళ్లిపోయింది. ముద్ర వేయని ఆ కాగితం నా సంచీలో ఉండిపోయింది. కింద తేదీ కూడా వేయలేదు. తర్వాత వారానికోసారి ఫోన్ చేసేది. ఓసారి నోటరీ ఊళ్లో లేడన్నాను, ఓసారి కరెంటు లేదన్నాను, ఇంకోసారి వీలు చూసుకుని నేనే వస్తానన్నాను. వీలునామాలు రాసేవాణ్ణి కదా, వీలు నేనుంచుకుని నామం అక్కకు పెట్టాను.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు వదలని వాన. మూడోనాడు పొద్దున మేనల్లుడు ఫోన్ చేసి, అమ్మకు ఊపిరందడం లేదు, నెల్లూరు తీసుకొచ్చేశాను మామా, రా అన్నాడు. బయల్దేరేముందు ఆ కాగితం సంచీలో ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. మరిచిపోయానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఐసీయూ బయట డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. చిన్న వయసు, అలసిన ముఖం. గొట్టం వేస్తే మళ్లీ తీయగలమన్న నమ్మకం లేదనీ, వేయకపోతే ఈ రోజో రేపో అనీ, ఎట్లయినా బాధ లేకుండా చూస్తామనీ నిదానంగా చెప్పింది. ఆ తర్వాత అడిగింది.

"ఇట్లాంటప్పుడు తనకు ఏం చేయాలో, ఏం వద్దో, ఆమె మీలో ఎవరితోనైనా చెప్పారా?"

మేనల్లుడు నా వైపు చూశాడు. నా చెయ్యి సంచీ జిప్పు మీదే ఉంది. మా వెనకాల బావ తరఫువాళ్లు ఐదారుగురు తడిసిన గొడుగులతో నిలబడి ఉన్నారు. ఇప్పుడు కాగితం తీస్తే అందరి ముందూ చదవాలి. ఆ హద్దులూ యముడుగారూ, అంతా నా రాతలోనే. రేపు ఎవరైనా 'తమ్ముడే రాసి తమ్ముడే చంపించాడు' అంటే?

"అట్లాంటివేమీ చెప్పలేదమ్మా. చేయాల్సిందంతా చేయండి" అన్నాను.

బావ చిన్నాన్న నా భుజం తట్టి, తోడబుట్టినోడంటే అట్లుండాల అన్నాడు. ఆ మాట నాకు తియ్యగా తగిలింది. అబద్ధం ఆడానని రాయడానికి ఇంత సిగ్గు లేదు. ఆ మెప్పు విని ఒక్క క్షణం ఛాతీ పొంగిందని రాయడానికి ఉంది.

సాయంత్రాలు కాసేపు లోపలికి పోనిచ్చేవాళ్లు. నోట్లో గొట్టం, రెండు చేతులూ గుడ్డలతో కడ్డీలకు కట్టి. మత్తు తగ్గించినప్పుడు కళ్లు తెరిచేది. ఆరో రోజు నేనూ మేనల్లుడూ పక్కన నిలబడ్డప్పుడు ఆమె కుడి చేతి బొటనవేలు కదిలింది. దుప్పటి మీద అదుముతోంది, ఎత్తుతోంది, మళ్లీ అదుముతోంది. చూపు నా మీదే.

"ఏందో అడగతా ఉండాది మామా. ఏమంటావు?" అన్నాడు మేనల్లుడు.

ముప్ఫై ఏళ్లుగా జనం చేతులు పట్టుకుని వేలిముద్రలు వేయిస్తున్నవాణ్ణి. అది ఏమిటో ఆ గదిలో నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? నీళ్లేమోరా అన్నాను. వాడు పోయి నర్సును బతిమాలాడు. ఆ అమ్మాయి నీళ్లు ఇయ్యకూడదంటూ, తడి దూదితో అక్క పెదాలు తుడిచింది. అక్క కళ్లు మూసుకుంది. ఆ తర్వాత నేనున్నప్పుడు తెరవలేదు. మత్తువల్లేనని రెండు రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాణ్ణి ఆస్పత్రి వరండాలోకి తీసుకుపోయి కాగితం చేతిలో పెట్టాను. వాడు నిదానంగా చదివాడు. కోడలి వంటిల్లు దగ్గర చిన్నగా నవ్వాడు. ఆ కింద వాళ్లమ్మ మాటలు మొదలయ్యేసరికి ఆ నవ్వు ఎక్కడికో పోయింది. తేదీ లేదు కాబట్టి, ఎప్పుడు రాశావని అడిగాడు. చవితి ముందు అన్నాను.

"డాక్టరమ్మ అడిగిన రోజు ఇది నీ సంచీలోనే ఉండిందా మామా?"

"ఉండింది."

"నేను నీ వైపు చూసినా. నువ్వు ఒక్క మాటంటే ఇంటికి తీసకపోదామనే చూసినా."

సాక్షులు లేరని, ముద్ర లేదని, చెల్లదని ఏదో గొణిగాను. ఇద్దరు సాక్షులు లేనిదే కాగితం నిలబడదు నిజమే. చట్టం మనస్సాక్షిని ఆ ఇద్దరిలో ఒకటిగా లెక్కపెట్టదు, అది నాకు కలిసొచ్చింది. వాడు వినలేదు. కాగితం జేబులో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాడు. నేను వెనకాలే పోయాను.

ఆవిడ చదివి, పద్ధతి ప్రకారం ఇది చెల్లకపోయినా ఆమె మాట ఆమె మాటేనంది. మిషన్ ఆపాలంటే డాక్టర్ల బృందాలు రెండు విడివిడిగా చూసి ఒప్పుకోవాలి, ఒకట్రెండు రోజులు పడుతుంది, ఇప్పుడే మొదలుపెడతానంది. మొదటి రోజు తను అడిగింది ఈ మాట కోసమేనని కూడా అంది, ఏ కోపమూ లేకుండా. మనిషి పక్కన కూర్చుని చూసుకుంటామంటే కట్లు మాత్రం వెంటనే విప్పిస్తానంది. వాడు కూర్చున్నాడు. తల్లి చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని మర్నాడు తెల్లవారేదాకా కూర్చున్నాడు. డాక్టర్ల ఒప్పుదల రాకముందే, మిషన్ తిరుగుతుండగానే, ఆమె గుండె ఆగింది. ఆ తొమ్మిది రోజుల్లో చివరి రోజు ఆమెది. మిగతా ఎనిమిదీ నావి.

బయట పోయిన మనిషిని మావైపు ఇంట్లోకి తేరు. వాకిట్లో షామియానా కింద, చినుకుల్లో, బల్ల మీద పడుకోబెట్టాం. ఆమె అడిగిన మంచం లోపల గదిలో, తలుపు తీస్తే కనపడేంత దూరంలోనే ఉంది. స్నానం చేయించే ఆడవాళ్లు మణికట్ల చుట్టూ కమిలిన గుర్తులు చూసి, ఇవేందని అడిగారు. ఆస్పత్రిలో కట్టినారని చెప్పాడు మేనల్లుడు. ఎందుకు కట్టాల్సి వచ్చిందో చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు.

పెద్దకర్మ నాడు అందరం బంతిలో కూర్చున్నాం. వాడే వడ్డిస్తున్నాడు. బావ చిన్నాన్న నా పక్కనే కూర్చుని, వినేవాళ్లందరికీ చెబుతున్నాడు: అక్క కోసం ఈయన తొక్కని గడప లేదు, చివరి దాకా వదల్లేదు, ఈ కాలంలో ఇట్లాంటి తమ్ముళ్లు ఎక్కడుండారు అని. పప్పు గిన్నెతో నా విస్తరి దగ్గరికొచ్చిన మేనల్లుడు ఆగాడు. గరిటె ఎత్తి పట్టుకుని, ఐసీయూ బయట చూసినట్టే నా వైపు చూశాడు. ఇప్పుడైనా ఏమైనా అంటానేమోనని కాసేపు నిలబడ్డాడు.

నేను విస్తరిలోకి చూస్తూ అన్నం మధ్యలో గుంట చేశాను. వాడు అందులో పప్పు వేశాడు.

"ఇంకొంచెం వేయమంటావా మామా?" అన్నాడు.

చాల్లేరా అన్నాను. వాడు పక్క విస్తరికి పోయాడు.